ఎనిమిది వేల మీటర్ల లోతున చేప ఎందుకు నలిగిపోదు?

మీరు పరకాల నుంచి రాసింది చదివాను. ఎనిమిదో తరగతి చదివే మీ పాప సైన్స్ ఫెయిర్‌కి లోతు సముద్రపు చేపల మీద ఏదో చేస్తానని పట్టుబట్టిందని, ఫోన్‌లో వీడియోలు చూసి ఇంట్లో అందర్నీ ప్రశ్నలతో వేపుకు తింటోందని అన్నారు. అడిగినవి నాలుగు. అంత ఒత్తిడిలో చేప నలిగిపోదా, పైకి తెస్తే పేలిపోతుందా, ఇవి డైనోసార్ల కాలం నాటివంటారు నిజమేనా, మనం తినొచ్చా. నేను హనుమకొండలో ఇరవై ఆరేళ్లు డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పాను. అంతకుముందు విశాఖపట్నంలో ఒక ప్రాజెక్టులో పనిచేస్తూ రెండుసార్లు పరిశోధన నౌక మీద బంగాళాఖాతంలోకి వెళ్లొచ్చాను. మొదటిసారి వాంతులకే సరిపోయింది, రెండోసారి చేపల్ని చూశాను. కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒత్తిడి. నీళ్లలోకి ప్రతి పది మీటర్లు దిగినకొద్దీ చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో బరువు పెరుగుతుంది. పది మీటర్లంటే మన దిక్కు ఒక మోస్తరు వ్యవసాయ బావి. అలాంటి బావుల్ని ఒకదాని కింద ఒకటి ఎనిమిది వందలకు పైగా తవ్వుకుంటూ పోతే, ఇప్పటిదాకా కెమెరాకి చిక్కిన చేపలన్నిట్లోకీ లోతున తిరిగే చేప అక్కడ కనపడుతుంది. 2022లో జపాన్ దగ్గర ఇజు-ఒగసవారా అగాధంలో 8,336 మీటర్ల దగ్గర దాన్ని వీడియో తీశారు. ఆస్ట్రేలియాలో పనిచేసే అలన్ జేమీసన్ బృందం, టోక్యో వాళ్లు కలిసి చేసిన పని అది. మన బొటనవేలి గోరంత చోటు మీద ఎనిమిది వందల కిలోల పైచిలుకు బరువు పడే చోటు.

ఇది వినగానే పిల్లలంతా ఆ చేపకు ఇనుప కవచం లాంటి ఒళ్లు ఉంటుందనుకుంటారు. నా క్లాసులో ప్రతి ఏడాదీ ఇదే జవాబు వచ్చేది. తీరా ఆ చేపను చూస్తే జాలేస్తుంది. దాని పేరు స్నెయిల్‌ఫిష్, జానెడు కూడా ఉండదు, పొలుసుల్లేవు, లేత గులాబీ రంగు, చర్మం ఎంత పల్చనంటే లోపలి కాలేయం బయటికి కనపడుతుంది. తాటిముంజకు తోక అతికించినట్టు ఉంటుంది.

అది ఎందుకు నలగదో తెలియాలంటే ఈసారి చేపలు కోయించేటప్పుడు మీ పాపను వెంట తీసుకెళ్లండి. రవ్వ గానీ బొచ్చె గానీ కోస్తే కడుపులోంచి తెల్లటి బుడగ ఒకటి వస్తుంది, మధ్యలో దారంతో బిగించినట్టు రెండు గదులుగా ఉంటుంది. మా చిన్నప్పుడు దాన్ని కాలికింద వేసి టప్పుమనిపించడానికి అన్నదమ్ములం కొట్టుకునేవాళ్లం. అది చేప గాలితిత్తి, నీళ్లలో మునగకుండా తేలకుండా నిలబెట్టేది అదే. ఒత్తిడికి నలిగేది ఆ గాలి. మిగతా ఒళ్లంతా నీళ్లే, నీళ్లు నొక్కితే నలగవు. చిప్స్ ప్యాకెట్‌నీ నీళ్ల ప్యాకెట్‌నీ పక్కపక్కన పెట్టి నొక్కి చూడండి. చిప్స్ ప్యాకెట్‌కి లోపల గాలి ఉంది కాబట్టి అణుగుతుంది, నీళ్ల ప్యాకెట్ ఆకారం మారుతుందే తప్ప లోపలున్నది ఇంత కూడా తగ్గదు. స్నెయిల్‌ఫిష్‌కి గాలితిత్తే లేదు. బయట ఎంత ఒత్తిడి ఉందో లోపలా అంతే ఉంది, అందుకే దాని ఒంటికి ఆ బరువు తెలియదు, మన తల మీద ఇంత గాలి ఉన్నా మనకు తెలియనట్టే. జలాంతర్గామికి అంత మందం గోడలు ఎందుకంటే లోపల మనం గాలి పీలుస్తూ కూర్చోవాలి కాబట్టి. మనవాళ్లు చెన్నైలో కడుతున్న మత్స్య 6000 అనే లోతు సముద్రపు వాహనంలో ముగ్గురు కూర్చునే గుండ్రటి గది అచ్చంగా టైటానియం, గోడ మందం 80 మిల్లీమీటర్లు, అదీ 6,000 మీటర్లకే. చేపకు ఆ తిప్పలేవీ లేవు.

అలాగని ఒత్తిడితో దానికి ఏ ఇబ్బందీ లేదని కాదు. ఇబ్బంది ఇంకా లోపల, కంటికి కనపడని చోట ఉంది. ఒంట్లో పనులన్నీ చేసేవి ప్రోటీన్లు కదా, అవి ఒక పద్ధతిలో మడతపడి ఉంటేనే పనిచేస్తాయి. అంత ఒత్తిడిలో నీటి అణువులు వాటి సందుల్లోకి చొరబడి ఆ మడతల్ని చెడగొడతాయి. దీనికి చేప చేసుకున్న ఏర్పాటు ట్రైమిథైలమిన్ ఆక్సైడ్ అనే పదార్థం, పొట్టిగా టీఎంఏఓ అంటారు. అది ఒంట్లో ఉంటే ప్రోటీన్ల ఆకారం చెడకుండా నిలబడుతుంది. ఎంత లోతు చేపైతే దాని కండలో అంత ఎక్కువ టీఎంఏఓ ఉంటుంది.

ఈ పేరు కొత్తగా ఉండొచ్చు గానీ దాని వాసన మీకు బాగా తెలుసు. సముద్రపు చేప చచ్చాక బాక్టీరియా ఈ టీఎంఏఓని విరిచి ట్రైమిథైలమిన్ చేస్తుంది, నీచు కంపు అంటామే, అది ఎక్కువగా దానిదే. మన చెరువు చేపల్లో ఈ పదార్థం చాలా తక్కువ, అందుకే పాకాల నుంచో ధర్మసాగర్ నుంచో వచ్చిన రవ్వకు ఆ కంపు అంతగా ఉండదు, దానికి ఉండేది మట్టి వాసన, అది నీళ్లలోని నాచు తయారుచేసే జియోస్మిన్ వల్ల. ట్రైమిథైలమిన్ క్షారం, పులుపు తగిలితే అది లవణంగా మారి గాల్లోకి లేవడం మానేస్తుంది. చేపల పులుసులో చింతపండు అంత ధారాళంగా ఎందుకు పోస్తారో మా అమ్మకు కెమిస్ట్రీ తెలియదు, కానీ పులుసు మాత్రం కెమిస్ట్రీ ప్రకారమే పెట్టేది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సముద్రపు నీళ్ల కంటే మామూలు చేప రక్తంలో ఉప్పు తక్కువ, మూడో వంతు అనుకోండి. లోతుకు పోయినకొద్దీ టీఎంఏఓ పెంచుకుంటూ పోతే ఒంట్లో కరిగి ఉన్న పదార్థాల గాఢత ఒక చోట సముద్రంతో సమానమైపోతుంది. ఇంకా దిగితే బయటి నీళ్లు లోపలికి తోసుకొస్తాయి, కిస్‌మిస్‌ని నీళ్లలో వేస్తే ఉబ్బినట్టు. లెక్క వేస్తే ఆ హద్దు 8,200 మీటర్ల చుట్టుపక్కల తేలుతుందని పాల్ యాన్సీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 2014లో రాశారు. ఎనిమిదేళ్ల తర్వాత కెమెరా చేపను పట్టుకున్న లోతు 8,336. లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. సముద్రం అక్కడితో అయిపోలేదు, మరియానా అగాధం దాదాపు 10,900 మీటర్లు, మన కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా ఉన్న దూరాన్ని నిలువుగా నీళ్లలో దింపినా ఇంకా కాస్త మిగులుతుంది. ఆ కింది రెండున్నర కిలోమీటర్లలో రొయ్య జాతి పురుగులూ సముద్ర దోసకాయలనే మెత్తటి జీవులూ ఉన్నాయి, చేప మాత్రం కనపడలేదు. 1960లో ట్రియస్ట్ అనే వాహనంలో అడుగు దాకా దిగిన జాక్ పికార్డ్ తనకు బల్లపరుపు చేప ఒకటి కనపడిందన్నాడు. చాలామంది నమ్మరు, నేనూ నమ్మను, సముద్ర దోసకాయను చూసి చేప అనుకుని ఉంటాడు పాపం.

రెండో ప్రశ్న, పైకి తెస్తే పేలిపోతుందా అని. బాంబులా పేలడం వీడియోల్లోనే. గాలితిత్తి ఉన్న చేపను వంద, రెండొందల మీటర్ల నుంచి గబగబా లాగితే ఆ గాలి ఉబ్బి కళ్లు ముందుకు పొడుచుకొస్తాయి, జీర్ణాశయం నోట్లోంచి బయటికి వస్తుంది. గాలితిత్తి లేనివి ఉబ్బవు. వాటిని చంపేవి వల రాపిడి, పైనున్న వెచ్చటి నీళ్లు. అడుగున నీళ్లు రెండు మూడు డిగ్రీలు ఉంటాయి, బంగాళాఖాతం పైన ఇరవై ఎనిమిది, ఆ తేడా చాలు. బ్లాబ్‌ఫిష్ అని ముక్కు వేలాడే ముద్దలాంటి చేప బొమ్మ మీ పాప తప్పకుండా చూసి ఉంటుంది, 2013లో ప్రపంచంలోకెల్లా అనాకారి జంతువని ఓట్లేసి మరీ పేరు పెట్టారు. అది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దగ్గర 600 మీటర్ల కింద ఉండే చేప, ఉన్నచోట ఉంటే మామూలు చేపలాగే ఉంటుంది. కాలవలో చీర జాడిస్తుంటే ఎంత అందంగా పరుచుకుంటుంది, బయటికి తీస్తే ముద్దయిపోతుంది కదా. ఆ చేప ఒళ్లు కూడా నీళ్లే మోయాలి. వల్లో నలిగి నీళ్ల బయట పడున్న శవం ఫొటో చూసి అనాకారి అనడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది.

నేను చూసింది లాంతరు చేపల్ని. నౌక మీద రాత్రి రెండింటికి వల పైకి వచ్చింది, డెక్ మీద ఒక ప్లాస్టిక్ టబ్బులో పోశారు. వేలెడంత చేపలు, సగం పొలుసులు వల్లోనే ఊడిపోయాయి, కళ్లు మాత్రం తలకు మించి పెద్దవి. టార్చి వేస్తే పొట్ట పొడుగునా చిన్న చిన్న చుక్కలు వరసగా, చొక్కాకి ముత్యాల గుండీలు కుట్టినట్టు. అవే దీపాలు. నేను చూసేసరికి దాదాపు అన్నీ చచ్చిపోయాయి, ఒకదానికి మాత్రం తోక దగ్గర నీలంగా ఒక్కసారి మిణుక్కుమంది, మళ్లీ వస్తుందేమోనని చలిలో అరగంట కూర్చున్నాను, రాలేదు. వాటిలో మూడింటిని ఫార్మలిన్ సీసాలో వేసి, ఇంట్లో చూపిద్దామని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెస్తుంటే ఖమ్మం దాటాక మూత సడలింది. పెట్టెలో సగం మంది కళ్లు తుడుచుకుంటూ అటు పక్కకు పోయారు, వరంగల్ దిగేదాకా నాకు పడ్డ తిట్లు ఇక్కడ రాయలేను. తప్పు నాదే, మూతకు టేపు చుట్టలేదు.

పొట్టకు దీపాలెందుకంటే దాక్కోవడానికి. వెలుగుతో దాక్కోవడమేంటని మీ పాప అడుగుతుంది, ఇలా చెప్పండి. బావి అడుగున నిలబడి పైకి చూస్తే గట్టు మీంచి తొంగిచూసేవాడి ముఖం కనపడదు, ఆకాశం మీద నల్లటి ఆకారం కనపడుతుంది. నాలుగైదు వందల మీటర్ల లోతున పైనుంచి ఇంకా సన్నటి నీలి వెలుగు దిగుతుంది, కింద నుంచి చూసే శత్రువుకి లాంతరు చేప అలాగే నల్లగా దొరికిపోతుంది. అందుకని పొట్ట కింద అదే రంగులో, అంతే మోతాదులో దీపాలు వెలిగించి తన నీడను తానే చెరిపేసుకుంటుంది.

మీరు అడగలేదు గానీ నాకు చెప్పాలనిపించిన అసలు మాట ఇప్పుడు వస్తోంది. లోతు చేపలకు పెద్ద కష్టం ఒత్తిడి అని లోకమంతా అనుకుంటుంది. నన్నడిగితే వాటి కష్టం ఆకలి. వెయ్యి మీటర్ల కింద సూర్యుడి వెలుగు పూర్తిగా సున్నా, వెలుగు లేకపోతే నాచు లేదు, నాచు లేకపోతే అక్కడ తిండి దాదాపు పుట్టదు. పైన చచ్చిన వాటి తునకలు, పెంట, ఏవేవో మంచులా రాలుతూ ఉంటాయి, పైన తయారైన దాంట్లో నూటికి కొద్ది వంతులే అడుగు దాకా చేరుతుంది. వాటి వింత ఆకారాలన్నీ ఈ కరువు దగ్గర్నుంచి చూస్తే అర్థమవుతాయి.

దొరికినప్పుడే మింగాలి, ఎంత పెద్దదైనా సరే. బ్లాక్ స్వాలోవర్ అని ఒక నల్ల చేప ఉంది, 2007లో కరీబియన్‌లో కేమన్ దీవి దగ్గర ఒకటి చచ్చి తేలింది, అది 19 సెంటీమీటర్లు, దాని కడుపులో మడతలు పడి ఉన్న చేప 86 సెంటీమీటర్లు. మింగింది గానీ అరిగించుకోలేకపోయింది, లోపలిది కుళ్లి గ్యాస్ పుట్టి దీన్నే పైకి తేల్చింది. అత్యాశ కాదది, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియని వాడి తీరు.

తిరిగితే శక్తి ఖర్చు, అందుకని గాలం చేప అసలు తిరగదు. వీపు రెక్కలో మొదటి ముల్లు పొడుగ్గా పెరిగి నోటి ముందు వేలాడుతుంది, దాని కొసన ఉన్న చిన్న తిత్తిలో వెలిగే బాక్టీరియా కాపురముంటుంది. వెలుగు చూసి వచ్చినదాన్ని గుటుక్కున మింగడమే. ఇవి ఒకదానికొకటి ఎదురుపడటమే అరుదు, పెళ్లిళ్లెలా జరుగుతాయి మరి? కొన్ని జాతుల్లో మగది వేలి కణుపంత ఉంటుంది, ఆడదాన్ని వాసన పట్టి వెతుక్కుంటూ వచ్చి పొట్ట దగ్గర కరిచి పట్టుకుంటుంది, మెల్లగా చర్మం చర్మం కలిసిపోతుంది, రక్తనాళాలు కలిసిపోతాయి, ఇక ఆడదాని రక్తంతోనే బతుకు. ఇంతకు మించిన ఇల్లరికం సృష్టిలో లేదు. 1922లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్త సైముండ్సన్ ఇలా అతుక్కున్న వాటిని మొదట చూసి పిల్లలనుకున్నాడు, అవి మొగుళ్లని 1925లో లండన్‌లో టేట్ రీగన్ తేల్చాడు. ఒకరి కిడ్నీ ఇంకొకరికి పెడితేనే మన ఒళ్లు తిరగబడుతుంది కదా, ఇక్కడెందుకు తిరగబడదని చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. పరాయి కణాల్ని గుర్తుపట్టి తరిమే రోగనిరోధక ఏర్పాట్లలో ముఖ్యమైన జన్యువుల్నే ఈ చేపలు పోగొట్టుకున్నాయని 2020లో బయటపడింది.

లాంతరు చేపలు ఇంకో దారి పట్టాయి, వలస కూలీల దారి. పొద్దుగూకగానే వందల మీటర్లు పైకి ఎక్కి మేసి, తెల్లారేలోపు మళ్లీ చీకట్లోకి దిగిపోతాయి, రోజూ. రెండో ప్రపంచ యుద్ధంలో సోనార్, అంటే శబ్దం పంపి ప్రతిధ్వనితో లోతు పట్టే యంత్రం, వాడుతున్న నౌకలకి సముద్రం అడుగు సాయంత్రానికి పైకి లేస్తున్నట్టు కనపడి జుట్టు పీక్కున్నారు. ఆ దొంగ అడుగు ఇలాంటి చేపలూ రొయ్యల్లాంటివీ కలిసిన మందలు. భూమ్మీద వెన్నెముక ఉన్న జంతువుల్లో సంఖ్యలో మొదటి స్థానం కోళ్లకో ఎలకలకో అనుకుంటారు, అదీ ఈ మధ్యలోతు నీళ్లదే, బ్రిసిల్‌మౌత్ అనే వేలెడు కూడా లేని చేపది. లక్షల కోట్లలో ఉంటాయి. మనలో ఎవరమూ ఒక్కదాన్నీ చూసి ఉండం.

డైనోసార్ల సంగతికొస్తే, ఆ పేరు సీలకాంత్ వల్ల వచ్చింది. డైనోసార్లతోపాటే పోయిందనుకున్న ఆ చేప 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో వలకు చిక్కింది, మార్జరీ కోర్ట్నీ-లాటిమర్ అనే మ్యూజియం ఉద్యోగి దాన్ని గుర్తుపట్టి దాచింది. నిజానికది మరీ లోతు చేప కాదు, రెండు మూడొందల మీటర్ల లోపు గుహల్లో పగలంతా ఊరికే ఉంటుంది. మీ పాప తన చార్టులో ఈ ముక్క తప్పకుండా రాయాలి: సీలకాంత్ చుట్టం ఒకటి మన ప్రాణహిత, గోదావరి లోయలోనే ఉండేది. అక్కడి కోటా రాతిపొరల్లో దాని శిలాజం దొరికితే 1974లో ఇండోసీలకాంతస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ డైనోసార్ ఎముకలు కూడా ఆ పొరలవే, యామనపల్లి అనే ఊరి దగ్గర తవ్వారు. అయితే ఆ చుట్టం సముద్రపుది కాదు, మంచినీళ్లలో బతికింది. మిగతా లోతు చేపలన్నీ పాతకాలం నాటివనుకోవడం మాత్రం తప్పు, చాలావాటి చుట్టాలు ఇప్పుడు పైన తిరుగుతున్న చేపలే.

తినడం గురించి ఎక్కువ చెప్పను. తింటారు. న్యూజిలాండ్ దగ్గర ఆరెంజ్ రఫీ అని ఒక చేప ఉంది, పిల్లలు పెట్టే వయసు రావడానికే ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది, రెండొందల ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి. తెలియక ఇష్టమొచ్చినట్టు పట్టేసి మందలకు మందలు ఖాళీ చేశారు. నిజాంల కాలంలో పుట్టిన చేపను నూనెలో వేయించుకోవడం నాకు మనసొప్పదు. ఇంకొన్నిట్లో కొవ్వుకు బదులు మైనం లాంటిది ఉంటుంది, అది మనకు అరగదు, తింటే చెప్పకుండా విరేచనాలు. మృగశిర కార్తెకి మన కొర్రమట్ట చాలు.

ఇక పాపకు మోడల్. థర్మకోల్ సముద్రం, రంగు కాగితం చేపలు వద్దు, అవి ప్రతి స్కూల్లో ఉంటాయి. మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి కొనండి, సూది అక్కర్లేదు. బెలూన్ కొసను కత్తిరించి బఠాణీ గింజంత గాలి ఉండేలా ముడివేసి లోపల పెట్టండి, ఇది గాలితిత్తి. నీళ్లు నింపి, పైకి తిప్పి పట్టుకుని ఉన్న గాలంతా బయటికి నెట్టేసి, ముందు కన్నాన్ని వేలితో గట్టిగా మూసి పిస్టన్ నొక్కమనండి, బెలూన్ చిక్కిపోతుంది. వెనక్కి లాగమనండి, ఉబ్బుతుంది, వల్లో పైకొచ్చిన చేప అది. రెండో సిరంజిలో అంతే బెలూన్‌ని నీళ్లతో నింపి పెట్టి మళ్లీ నొక్కించండి, ఎంత నొక్కినా చిన్నది కాదు, అది స్నెయిల్‌ఫిష్. జడ్జీలుగా వచ్చిన టీచర్ల చేతికే సిరంజి ఇచ్చి నొక్కమనమని చెప్పండి. రెండో సిరంజిలో గాలి బుడగ ఒక్కటి మిగిలినా పిస్టన్ కదిలి మొత్తం చెడుతుంది, ముందురోజు రాత్రి ఇంట్లో ఒకటికి రెండుసార్లు చేయించి పంపండి.